జోర్కీ-4, జూపిటర్-8: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

నా దగ్గర సోవియట్ కాలం నాటి మూడు జోర్కీ-4 ఫిలిం కెమెరాలు ఉన్నాయి, వాటిలో రీలు ఎక్కేది ఒక్కదానికే. ఒకదాని రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచి ఫోకస్ కుదిర్చే భాగం) ఎన్నిసార్లు సర్దినా వారం తిరిగేసరికి పక్కకు జరుగుతుంది, ఇంకొకదాని షట్టరు గుడ్డ తెరలు ఎండిపోయి పగుళ్లు బారాయి. పైకి చూస్తే మూడూ కవల పిల్లల్లా ఉంటాయి. అందుకే జోర్కీ-4 మంచి కెమెరానా అని ఎవరైనా అడిగినప్పుడు, ఏ జోర్కీ-4 గురించి అడుగుతున్నారని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఇక్కడ రాస్తున్నది కూడా తొమ్మిదేళ్లుగా నా భుజాన తిరుగుతున్న ఆ ఒక్కదాని గురించి, దానికి బిగించిన జూపిటర్-8 లెన్స్ గురించే.

మాస్కో పక్కనే ఉన్న క్రాస్నోగోర్స్క్ కర్మాగారం 1956 నుంచి 1973 వరకు ఈ మోడల్‌ను 17 లక్షలకు పైగా తయారు చేసింది. వంశం చూస్తే జర్మనీ లైకా-2కు ఫెడ్ అనే సోవియట్ కెమెరా నకలు, ఆ ఫెడ్ నుంచి 1948లో మొదటి జోర్కీ పుట్టింది. అయితే నాలుగో నంబరుకు వచ్చేసరికి లైకా పోలిక చాలావరకు పోయింది. దృశ్యాన్ని చూసే కిటికీ, ఫోకస్ చూసుకునే కిటికీ ఒకటయ్యాయి, వెనక రేకు మొత్తం ఊడి వస్తుంది కాబట్టి రీలు ఎక్కించడం సులువైంది. సీరియల్ నంబరులో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి, నాది 66తో మొదలవుతుంది. అక్టోబరు విప్లవానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1967లో ప్రత్యేకంగా అక్షరాలు చెక్కి విడుదల చేసిన జోర్కీలకు అమ్మకందార్లు ఎక్కువ ధర అడుగుతారు గానీ, లోపలి యంత్రం ఒకటే కాబట్టి నేను ఆ అక్షరాల జోలికి పోలేదు.

ఈ కెమెరాలో నన్ను ఇన్నాళ్లు కట్టిపడేసింది దాని వ్యూఫైండర్, అంటే ఆ చూసే కిటికీ. కిటికీ పెద్దది, వెలుతురు ధారాళంగా వస్తుంది. రీలు వెనక్కి చుట్టే గుండీ కింద ఉన్న చిన్న మీటను జరిపితే కంటి చూపుకు తగ్గట్టు అది సర్దుకుంటుంది, కళ్లజోడు తీసేసి కూడా చూడవచ్చు. జోడు తీయడానికి బద్ధకించిన నాలాంటివాళ్లకు ఇంకో చిక్కు ఉంది: కంటి దగ్గరి లోహపు అంచు అద్దాన్ని గీకుతుంది. మొదటి ఏడాదే ఒక జత అద్దాలు పాడు చేసుకున్నాక, కుళాయిలో వేసే రబ్బరు వాషరును ఆ అంచు చుట్టూ అతికించాను, అది ఇప్పటికీ ఊడలేదు. కిటికీ మధ్యలో కనిపించే రెండు బొమ్మలను కలిపితే ఫోకస్ కుదిరినట్టే. మసక వెలుతురులో, ముఖ్యంగా గుళ్లో దీపాల దగ్గర, ఈ పద్ధతి లోపలి అద్దం సాయంతో లెన్స్‌లోంచే చూపించే నా పాత ఎస్ఎల్ఆర్ కెమెరా కంటే త్వరగానూ కచ్చితంగానూ పని చేసింది. కానీ ఫ్రేము గీతలు ఉండవు, దగ్గరి వస్తువులకు పైకీ కిందికీ సర్దుబాటూ ఉండదు. ఒక మీటరు దూరం నుంచి మా అమ్మను తీసిన మొదటి ఫొటోలో ఆమె కొప్పు సగం తెగిపోయింది. అప్పటి నుంచి దగ్గర నుంచి తీసేటప్పుడు కెమెరాను కొంచెం పైకెత్తి నొక్కడం చేతికి అలవాటైంది.

షట్టరు విషయంలో ఒక్క నియమం తప్పితే చాలు, కెమెరా మూలన పడుతుంది. ముందు గుండీ తిప్పి రీలు జరపాలి, ఆ తర్వాతే వేగం మార్చాలి. ఈ వరస తెలియక మొదటి నెలలోనే నేను తిరగేసి తిప్పాను, తక్కువ వేగాలన్నీ బిగుసుకుపోయాయి. కెమెరా మెకానిక్‌లు ఇద్దరు చేతులెత్తేస్తే, చివరికి గోడగడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఆరు వారాలు తన దగ్గర ఉంచుకుని సరిచేసి ఇచ్చాడు. సెకనులో వెయ్యో వంతు వేగాన్ని నేను నమ్మను, దాన్ని వాడినప్పుడల్లా ఫ్రేములో ఒక పక్క చీకటిగా వస్తుంది. రెండు తెరలూ సమానమైన వేగంతో పరుగెత్తకపోవడం దీనికి కారణం. ఐదు వందలో వంతు దాకా మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది మన ఎండ. ఎస్ఎల్ఆర్‌లో అయితే లెన్స్‌కూ తెరకూ మధ్య అద్దం అడ్డుగా ఉంటుంది, జోర్కీ లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఆ అడ్డు లేదు. లెన్స్ దూరానికి ఫోకస్ చేసి, అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఉండగా సూర్యుడి వైపు తిరిగితే, భూతద్దంతో కాగితం కాల్చినట్టు తెర గుడ్డ కాలిపోతుంది. గోల్కొండ కోట మెట్ల మీద ఒక సాయంత్రం మూత పెట్టకుండా కెమెరాను మెడలో వేలాడదీసుకుని కాసేపు కూర్చున్నాను. తర్వాత కడిగిన రీలులో ప్రతి నెగటివ్‌లోనూ ఒకే చోట ఆవగింజంత నల్ల చుక్క, ప్రింట్‌లో అదే తెల్ల చుక్క. చీకటి గదిలో వెనక రేకు తీసి, లెన్స్ వైపు నుంచి టార్చి వేసి చూస్తే తెరలో సూది మొనంత వెలుగు కనబడింది. గుడ్డల మీద వేసే నల్ల రంగును సూది కొసతో రెండు పల్చటి పూతలుగా పెట్టి, రాత్రంతా ఆరబెట్టాక లోపం పోయింది. ఆ తర్వాత మూత పెట్టకుండా కెమెరాను మెడలో వేసుకున్నది లేదు. మూత ఉన్నా కిటికీలోంచి లోకం మామూలుగానే కనబడుతుంది కాబట్టి, మూత తీయకుండా తీసిన ఖాళీ ఫ్రేములు కూడా నా ఖాతాలో బాగానే ఉన్నాయి.

ఇక లెన్స్. జూపిటర్-8కు మూలం జర్మనీ జైస్ కంపెనీ కోసం లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సోనార్ లెన్స్, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ విద్య సోవియట్ కర్మాగారాలకు చేరింది. ఆరు గాజులను మూడు గుంపులుగా అతికించడం వల్ల గాలికి తగిలే గాజు ముఖాలు ఆరే ఉంటాయి, వెలుతురు లోపల చెదరడం ఆ మేరకు తగ్గుతుంది. 50 మిల్లీమీటర్ల ఈ లెన్స్‌ను ఎఫ్/2 దగ్గర పూర్తిగా తెరిస్తే ముఖం మీద మెత్తటి వెలుగు పొర కమ్ముతుంది, కన్ను మాత్రం స్పష్టంగా నిలుస్తుంది. వెనకనున్న చెట్ల ఆకులు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎఫ్/4కు వచ్చేసరికి అదే లెన్స్ ఇటుకల మధ్య సున్నపు గీతలను కూడా లెక్క పెట్టి చూపిస్తుంది. నలుపు తెలుపులో ముసలివాళ్ల ముఖాలకు ఇంతకంటే నచ్చిన లెన్స్ నాకు ఇంకా దొరకలేదు. ఎదురు వెలుతురులో మాత్రం బొమ్మ పాలిపోతుంది, అందువల్ల 40.5 మిల్లీమీటర్ల మరకు సరిపోయే, పక్క వెలుతురును ఆపే చిన్న హుడ్ తప్పనిసరి. నా దగ్గరున్న లెన్స్‌లో అపర్చర్ ఉంగరానికి క్లిక్‌లు లేవు, ఫోకస్ తిప్పితే అది కూడా తిరుగుతుంది కాబట్టి ముందు ఫోకస్, తర్వాత అపర్చర్ అన్న వరస పాటించాలి. మరొక సంగతి: ఇదే లెన్స్‌ను మిత్రుడి లైకాకు బిగించి ఎఫ్/2లో దగ్గరి నుంచి తీసినప్పుడు కళ్లకు బదులు చెవులు స్పష్టంగా వచ్చాయి. లైకా కొలతకూ సోవియట్ కొలతకూ ఉన్న స్వల్ప తేడా దగ్గరి దూరాల్లో ఇలా బయటపడుతుంది.

తర్వాత కొన్నవాటిలో 55 మిల్లీమీటర్ల ఇండస్టార్-61 ఎఫ్/2.8 చవక, పదును ఎక్కువ, కానీ దానితో తీసినవి చూసినప్పుడు నాకు ప్రత్యేకంగా ఏమీ అనిపించదు. 35 మిల్లీమీటర్ల జూపిటర్-12 వెనక గాజు కోడిగుడ్డులా కెమెరా లోపలికి పొడుచుకుని ఉంటుంది, బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే. దానికి వేరే వ్యూఫైండర్ కూడా కొనాలి.

లెన్స్ తీస్తే లోపల పైన కనిపించే చిన్న మీట గురించి సేకరించేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఫెడ్‌లు, మొదటి తరం జోర్కీలకు బంగారు పూత పూసి, జర్మన్ ముద్రలు చెక్కి, లైకా పేరుతో అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు లైకాలో ఆ మీట చివర గుండ్రంగా తిరిగే చిన్న చక్రం ఉంటుంది, సోవియట్ కెమెరాలో చదునైన మొన ఉంటుంది. నాకు కూడా ఒకసారి అలాంటి బంగారు లైకా చూపించారు. లెన్స్ తీయనివ్వమని అడిగితే అమ్మే ఆయన ఒప్పుకోలేదు, నేను ఇంటికి వచ్చేశాను.

వాడకపు ఖర్చులో కెమెరా కంటే ఫిలిం వాటాయే ఎక్కువ. కలర్ రీలు ధరలు చూసి నేను ఎక్కువగా ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 అనే నలుపు తెలుపు ఫిలిం వాడుతున్నాను. కెమెరాలో లైట్ మీటర్ లేదు కాబట్టి ఏప్రిల్ ఎండలో 400 స్పీడు ఫిలింకు ఐదు వందలో వంతు, ఎఫ్/16 పెట్టి, నీడలోకి వస్తే అపర్చర్‌ను మూడు మెట్లు (స్టాపులు) తెరుస్తాను. రీలు ఇంట్లోనే డి-76 అనే డెవలపర్ రసాయనంలో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కడుగుతాను. వేసవిలో ట్యాంకు నీళ్లే 35 డిగ్రీలు ఉంటాయి గనుక ప్లాస్టిక్ టబ్బులో ఐసు ముక్కలు వేసి, అందులో రసాయనాల సీసాలు నిలబెట్టి, థర్మామీటరు దిగే దాకా ఎదురు చూడాలి. వానాకాలం బాధ వేరు. గాలి తగలని తోలు సంచిలో రెండు నెలలు ఉంచిన ఇండస్టార్‌కు సాలెగూడు లాంటి బూజు పట్టింది, ఇప్పుడు లెన్స్‌లన్నీ బియ్యం డబ్బాలంత ప్లాస్టిక్ పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ మధ్య ఉంటున్నాయి.

కొనదలచినవాళ్లు రీలు లేకుండా నాలుగు పనులు చేసి చూడాలి. దూరపు సెల్ టవర్‌ను రేంజ్‌ఫైండర్‌లో చూసి, లెన్స్ చివరిదాకా తిప్పినప్పుడు రెండు బొమ్మలు కలుస్తున్నాయా గమనించాలి. తెరలను టార్చితో పరీక్షించాలి. ఒక సెకను వేగం పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మధ్యలో ఆగకుండా ఆ కిర్రుమనే చప్పుడు చివరిదాకా వినిపిస్తోందా చూడాలి. లెన్స్ ఫోకస్ ఉంగరాన్ని రెండు వేళ్లతో తిప్పి చూడాలి, ఎందుకంటే అరవై ఏళ్ల నాటి గ్రీజు చలికాలంలో బంకలా గట్టిపడి, ఫోకస్ తిప్పబోతే లెన్సే మరలోంచి ఊడి వస్తుంది. నా మూడో జోర్కీ మొదటి పరీక్షలోనే తప్పింది. ధర తక్కువని తెలిసే కొన్నాను, ఇప్పుడు దాని మరలూ గుండీలూ ఒక్కొక్కటిగా మొదటి దానికి వెళుతున్నాయి.