టైమింగ్ బెల్ట్ కిట్లు కొనేవాళ్లు జాగ్రత్త: ఒరిజినల్ డబ్బాలో డూప్లికేట్ వస్తోంది

విజయవాడ ఆటోనగర్లో స్పేర్లు కొనేవాళ్లందరికీ ఈ మాట చేరాలి. సొంత కారుకు కొనుక్కునేవాళ్లకీ, నాలాగా చిన్న మెకానిక్ షెడ్డు పెట్టుకుని పార్టీల (కస్టమర్ల) బళ్లకు సామాను తెచ్చేవాళ్లకీ. పేరున్న కంపెనీ డబ్బాలో, మెరిసే స్టిక్కరుతో, ఎమ్మార్పీ లేబుల్‌తో డూప్లికేట్ టైమింగ్ బెల్ట్ కిట్లు కౌంటర్ల మీదకు వచ్చేశాయి. సగం ధరకు ఇస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. వీళ్లు అలా ఇవ్వరు. ఒరిజినల్ ధరకే ఏదో కాస్త తగ్గించి ఇస్తారు, అందుకే పట్టుకోవడం కష్టం.

షాపు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. జరిగింది మాత్రం చెబుతాను.

డీజిల్ డస్టర్‌కి ఆ కిట్టు వేశాం. దాని 1.5 లీటర్ల ఇంజన్‌కు టైమింగ్ చైను ఉండదు, బెల్టే. ఆ ఇంజన్లో బెల్టు తెగినా, పళ్లు రాలినా క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) ఆగిపోతుంది, క్రాంకు (పిస్టన్లను ఆడించే షాఫ్టు) మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కిందనుంచి పిస్టన్లు వచ్చి తెరుచుకుని ఉన్న వాల్వులను కొడతాయి. అక్కడితో హెడ్డు, అంటే వాల్వులుండే ఇంజన్ పైభాగం, పోయినట్టే. ఈ సంగతి తెలుసు కాబట్టే టైమింగ్ బెల్టు విషయంలో నేను లోకల్ సామాను ముట్టుకోను. పార్టీ కూడా ఖరీదైనా సరే కంపెనీదే వెయ్యమన్నారు. డబ్బా చూసి, సీలు చూసి, బిల్లు తీసుకుని వేశాం. కంపెనీ మాన్యువల్లో రాసిన దూరంలో పదో వంతు కూడా తిరక్కుండానే హనుమాన్ జంక్షన్ దాటాక హైవే మీద బండి ఆగిపోయింది. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు బండిలో. పక్కనే లారీలు వెళ్తుంటే రోడ్డు వారన నిలబడి టోయింగ్ బండి కోసం చూశారు. వాళ్లకేం కాలేదు, అదే చాలు.

కవరు విప్పి చూస్తే బెల్టు తెగలేదు. క్రాంకు గేరు దగ్గర వరుసగా కొన్ని పళ్లు ఊడి కింద కవర్లో పడున్నాయి. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పుల్లీ చేత్తో తిప్పితే గరగరమంది. లోపల గ్రీజు ఎండిపోయి బేరింగు నలిగిపోయింది. హెడ్డు దింపితే ఎగ్జాస్ట్ వాల్వులు వంగి ఉన్నాయి.

పార్టీకి కోపం వచ్చింది. రాదా మరి? మనిషి మామూలుగా మర్యాదస్తుడే, ఎప్పుడూ అండీ అని తప్ప మాట్లాడరు. ఆ రోజు బావమరిదిని వెంటేసుకుని వచ్చి, షెడ్డు బోర్డు కనపడేలా ఫోన్లో వీడియో తీస్తూ, "మీరూ ఆ కౌంటరువాడూ కలిసి నన్ను ముంచారు" అన్నారు. కొత్త ఇంజన్ వెయ్యాలన్నారు, బండి తయారయ్యేదాకా అద్దె కారు ఖర్చు కూడా ఇవ్వాలన్నారు. మా కుర్రాళ్లు ఎదురు మాట్లాడబోతే ఆపాను. ఆయన దృష్టిలో ఆ బెల్టు అమ్మింది నేనే, వేసిందీ నేనే. షెడ్డు నడిపేవాళ్లలో చాలామంది ఇక్కడే కస్టమరుతో గొడవకు దిగుతారు. దిగితే అవతల కౌంటరులో కూర్చున్నవాడికి హాయి. మనమిద్దరం కొట్టుకున్నంత సేపూ వాడి జోలికి ఎవరూ పోరు.

కౌంటరుకు వెళ్తే ఊహించిన మాటే వచ్చింది. "ఫిట్టింగ్ మిస్టేక్ అన్నా, మా సామానుకి ఏ కంప్లయింటూ లేదు." ఏ సామాను పోయినా ఈ మాటే అంటారు. దీనికి జవాబు మెకానిక్కులందరూ గుర్తుపెట్టుకోవాలి. క్రాంకుకీ క్యామ్‌కీ పిన్నులు పెట్టి టైమింగ్ కట్టాం. ఒకవేళ ఒక్క పన్ను తప్పినా బండి ఆ రోజే చెబుతుంది, స్టార్టింగ్ కష్టమవుతుంది, పికప్ ఉండదు, పొగ వస్తుంది. వేల కిలోమీటర్లు చక్కగా తిరిగిన బండికి టైమింగ్ తప్పు కట్టారనడం కుదరదు. టెన్షన్ ఎక్కువైందంటారా, బెల్టు కూత పెడుతుంది. ఇదంతా చెబితే కౌంటరాయన బిల్లు తిప్పి వెనక చూపించాడు. "ఫిట్టింగ్ అయిన సామాను వాపసు తీసుకోబడదు" అని అచ్చేసి ఉంది. చివరికి బెల్టు డబ్బులు ఇస్తాను, పోండి అన్నాడు. హెడ్డు పని దానికి ఎన్ని రెట్లో ఆటోనగర్లో ఉన్న ఆయనకు నేను చెప్పాలా?

తర్వాత అదే పార్ట్ నంబరు కిట్టు కంపెనీ అధీకృత డీలరు దగ్గర కొని, పాతదాన్నీ దాన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి పార్టీకి చూపించాను. ఆయన కోపం నా మీదనుంచి అక్కడే మళ్లింది. తేడాలు మీకూ చెబుతాను. ఒరిజినల్ బెల్టు వీపు మీద అక్షరాలు గుడ్డతో పెట్రోలు పెట్టి రుద్దినా పోలేదు. డూప్లికేట్‌ది బొటనవేలికి అంటుకుంది. పళ్ల మీద ఉండే గుడ్డపొర ఒరిజినల్‌ది బిగువుగా, నేత కనిపిస్తూ ఉంది. రెండోదానికి పన్ను మూల దగ్గర పొర లేచి ఉంది. టెన్షనర్ మీద కంపెనీ గుర్తు ఒరిజినల్‌కి లోహంలోనే చెక్కి ఉంటే, దీనికి పైన ముద్ర వేశారు. డబ్బాకి మాత్రం ఏ తేడా లేదు. ఎందుకు లేదంటే, డబ్బా నిజంగానే ఒరిజినల్.

ఇక్కడ కాస్త ఆగి వినండి. వాడేసిన స్పేర్ల డబ్బాలను మనం షెడ్డు మూలన పడేస్తాం, పాత సామాన్లవాడు తీసుకుపోతాడు. చిరగని డబ్బాకు అట్టముక్క కంటే ఎక్కువ రేటు ఎందుకు వస్తోందో ఎప్పుడైనా ఆలోచించారా? స్టిక్కరు చెదరని డబ్బాకు, మూత బాగున్న ఇంజన్ ఆయిల్ క్యానుకు రేటు ఇంకా ఎక్కువ. అవే మళ్లీ నిండి మన కౌంటర్ల మీదకు వస్తున్నాయి. నా షెడ్డులో ఇప్పుడు డబ్బా విప్పగానే లేబుల్ మీద బ్లేడు గీత పెడుతున్నాం, ఆయిల్ క్యాను అడుగున స్క్రూడ్రైవరుతో పొడుస్తున్నాం. సర్వీసు చేయించుకునే కారు ఓనర్లు కూడా అడిగి మరీ ఆ పని చేయించండి. ఒక్క నిమిషం పట్టదు. ఆటోనగర్లో అన్ని షెడ్లూ ఈ ఒక్కటి చేస్తే డూప్లికేట్ వ్యాపారం సగం పడిపోతుందని నా గట్టి నమ్మకం.

బెల్టుతోనే పోలేదు. ఆయిల్ ఫిల్టరు పైకి చూస్తే డబ్బా లాంటిదే కదా అని వదిలేస్తారు. లోపల కాగితం మడతలు తక్కువ, రబ్బరు వాల్వు గట్టిపడిపోయి ఉంటుంది. ఆ వాల్వు పట్టకపోతే రాత్రికి ఆయిల్ అంతా సంపులోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) దిగిపోయి పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమని సౌండ్ వస్తుంది. ఫిల్టరు మార్చిన మర్నాడే ఆ సౌండ్ మొదలైతే ముందు ఫిల్టరునే అనుమానించండి. బ్రేక్ ప్యాడ్లయితే మరీ ఘోరం, ప్లేటు నుంచి లైనింగు ఊడిపోయినవి చూశాను. ప్రాణాలతో పని అది. బేరింగుల విషయంలో ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలు ఫోటో పంపితే అసలుదో కాదో చెప్పే యాప్ పెట్టాయి, వాడుకోండి.

మెకానిక్కులకు కౌంటర్ల దగ్గర కమిషన్ ఉంటుందన్న అనుమానం పార్టీలకు ఎప్పుడూ ఉంటుంది. అందరూ తీసుకోరు, తీసుకునేవాళ్లు మాత్రం ఉన్నారు. కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. తోటి షెడ్లవాళ్లకు ఒక్క మాట. ఒరిజినల్ సామాను మీద డీలరుకు మిగిలేదే తక్కువ. ఎమ్మార్పీకి బిల్లు రాసి మీకు విడిగా పెద్ద మొత్తం ఇస్తానంటున్నాడంటే, ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో ఆలోచించండి. నా దృష్టిలో డూప్లికేట్‌కు అంతకన్నా పెద్ద గుర్తు లేదు.

ఇక బిల్లు సంగతి. నాకిచ్చిన బిల్లులో "బెల్ట్ కిట్ 1" అని మాత్రమే ఉంది. పార్ట్ నంబరు లేదు, కంపెనీ పేరు లేదు. అడిగితే కంప్యూటర్లో అంతే వస్తుందన్నారు. అలా రాస్తే రేపు "ఆ బెల్టు మాది కాదు" అనడానికి దారి ఉంటుంది. డబ్బా మీదున్న పార్ట్ నంబరు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉంటే అదీ బిల్లు మీద రాయించుకోండి. షాపువాళ్ల జీఎస్టీ నంబరు 15 అంకెలూ అక్షరాలూ కలిపి ఉంటుంది, మొదట ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. జీఎస్టీ పోర్టల్లో కొడితే ఆ నంబరు ఎవరిదో, నడుస్తోందో రద్దయిందో తెలిసిపోతుంది. బిల్లు కావాలంటే 28 శాతం పడుతుందని ఇప్పటికీ భయపెట్టేవాళ్లున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే.

బిల్లు ఎవరి పేరున ఉండాలన్నది ఇంకా ముఖ్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, తిరిగి అమ్మడానికో, వ్యాపార అవసరానికో కొన్నవాడు వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధితో బతుకుతూ తన వాడకానికి కొనుక్కున్నవాడికి మినహాయింపు ఉంది గానీ, పార్టీ బండికి కొని డబ్బులు వసూలు చేసుకునే మనం ఎటువైపు వస్తామన్నది వాదనలో పడుతుంది. బండి ఓనరు పేరున, బండి నంబరుతో బిల్లు తీసుకుంటే ఆ చిక్కే లేదు, ఆయనే నేరుగా కౌంటరువాడి మీద ఫిర్యాదు చేయొచ్చు. నేను ఇప్పుడు ప్రతి పెద్ద సామానుకీ అలాగే రాయిస్తున్నాను.

అదే చట్టంలో, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. "వాపసు లేదు" అని అచ్చేసుకున్నంత మాత్రాన అమ్మినవాడి బాధ్యత పోదు. ఇంకొకటి, డూప్లికేట్ విషయంలో బాగా పనికొచ్చేది: తయారు చేసినవాడెవడో తెలియనప్పుడు, ఆ సరుకు వల్ల జరిగిన నష్టానికి అమ్మినవాడే జవాబుదారీ కావచ్చు. ఇది మన షెడ్లకూ వర్తించవచ్చని మరిచిపోకండి, చట్టం చెప్పే విక్రేత నిర్వచనంలో రిపేరు చేసేవాడు కూడా ఉన్నాడు. ఎక్కడ కొన్నామో చూపించలేకపోతే మొత్తం మన మెడకే చుట్టుకుంటుంది.

ఫిర్యాదుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న విలువ 5 లక్షల లోపయితే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. సామాను లోపం తేల్చడానికి కమిషన్ దాన్ని ల్యాబుకు పంపించగలదు. అందుకే పాడైన ముక్క ఎవరికీ ఇవ్వొద్దు. కౌంటరువాడు "ఇవ్వండి, కంపెనీకి పంపిస్తాం" అంటాడు. ఇచ్చారా, ఇక మీ చేతిలో ఏమీ ఉండదు. విప్పేటప్పుడు ఓనరు ముందు వీడియో తీసి, ముక్కలు, డబ్బా, బిల్లు అన్నీ ఒక కవర్లో పెట్టి ఇద్దరి సంతకాలతో అతికించండి. మేమలాగే చేశాం. అసలు కంపెనీ వాళ్లకూ ఫోటోలు పంపాం. వాళ్ల పేరుతో నకిలీ సరుకు అమ్మడం ట్రేడ్ మార్క్స్ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం కాబట్టి వాళ్లకూ పట్టింపు ఉంటుంది.

హెడ్డు పని ఖర్చు నేను పెట్టుకున్నాను, కూలి తీసుకోలేదు. కొత్త ఇంజన్, అద్దె కారు నా వల్ల కాదని కాగితం మీద రాసే ఇచ్చాను. పార్టీ ఆ రోజు తీసిన వీడియోను డిలీట్ చేశారు. ఫిర్యాదులో ఆయన పేరు ముందు, నా వాంగ్మూలం తర్వాత.

సొంతంగా సామాను కొని తెచ్చే పార్టీలకు: తెచ్చుకోండి, ఆ హక్కు మీకుంది. విప్పి చూసి అనుమానం వస్తే నేను వెయ్యను, అప్పుడు నా మీద కోప్పడకండి. వేస్తే జాబ్ కార్డు (బండి పని వివరాలు రాసే కాగితం) మీద "సామాను ఓనరు తెచ్చారు" అని రాసి మీ సంతకం తీసుకుంటాను.

ఈ మధ్య విజయవాడలో అధీకృత డీలరు కాని చోట కిట్టు కొని టైమింగ్ బెల్టు మార్పించుకున్నవాళ్లు కిలోమీటర్లు ఎన్ని తిరిగాయని లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. డస్టర్‌లాంటి బళ్లకు పై కవరు విప్పితే బెల్టు కనిపిస్తుంది, పెద్ద పని కాదు. ఇంజన్ ఆపి, చల్లారాక విప్పించి అక్షరాలు వేలితో రుద్ది చూడండి, పళ్ల మూలల్లో పొర లేచిందేమో టార్చి వేసి చూడండి. లేచి ఉంటే ఆ బండి స్టార్ట్ చేయకుండా అక్కడే ఉంచి కొత్త కిట్టు తెప్పించండి.