ఆరంభానికి సరే, కొనసాగింపుకు సగమే: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ స్టార్టర్ సెట్

బల్ల చుట్టూ కూర్చుని తలొక పాత్ర ధరించి కథ నడిపే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో, క్యాంపెయిన్‌ను (అనేక సెషన్ల పాటు సాగే ఒకే కథను) మొదలుపెట్టడం కంటే దాన్ని నెలల తరబడి నడిపించడమే కష్టం. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన స్టార్టర్ సెట్‌ను అందుకే నేను ఒక్క ప్రశ్నతో పరిశీలించాను: ఇది ఆటను మొదలుపెట్టించి వదిలేస్తుందా, నిలబెడుతుందా?

పెట్టెలో 32 పేజీల నిబంధనల పుస్తకం, 64 పేజీల సాహసగాథ, ముందే సిద్ధం చేసిన 5 క్యారెక్టర్ షీట్లు (పాత్రల వివరాల పత్రాలు), 6 పాచికలు ఉంటాయి. పాత్రలను సూచించే చిన్న బొమ్మలు లేకపోవడం లోటేమీ కాదు. పటాలన్నీ సాహసగాథ పుస్తకంలోనే, కథను నడిపించే డంజియన్ మాస్టర్ ఒక్కరే చూడవలసిన వివరాలతో సహా ముద్రించడం మాత్రం అసౌకర్యమే. ఆటగాళ్లకు చూపాలంటే వాటిని విడిగా గీసుకోక తప్పదు.

ఈ పెట్టెకు నిజమైన విలువ తెచ్చేవి ఆ 5 షీట్లు. అంకెలు, ఆయుధాలు ఏ షీట్‌లోనైనా ఉంటాయి. వీటిలో ప్రతి పాత్రకూ కథ జరిగే ప్రాంతంతో ముడిపడిన సొంత పని ఒకటి ఉంటుంది. కథలోని గనిని కనుగొన్న డ్వార్ఫ్ (పొట్టి జాతి) సోదరులు క్లెరిక్‌కు (పూజారి పాత్రకు) దగ్గరి బంధువులు. ఫాండలిన్ పట్టణాన్ని పీడిస్తున్న రెడ్‌బ్రాండ్స్ ముఠాలో రోగ్ (దొంగ పాత్ర) ఒకప్పుడు సభ్యుడు. ప్రధాన కథ మందగించిన రోజున కూడా ఎవరో ఒకరికి తేల్చుకోవలసిన లెక్క మిగిలి ఉంటుంది కనుక, తరువాతి సెషన్‌కు రావడానికి ఆటగాళ్లకు కారణం దొరుకుతుంది. క్యాంపెయిన్‌ను నిలిపేది ఎంతో శ్రమపడి రాసుకున్న ప్రపంచ చరిత్ర కాదని, ఇలాంటి తీరని లెక్కలేనని నా నమ్మకం.

తొలి ఘట్టం మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. దారి కాచిన నలుగురు గాబ్లిన్ల (చిన్న రాక్షసుల) బాణాల్లో ఒక్కొక్కటి పాత్ర ప్రాణబలానికి 8 పాయింట్ల వరకు నష్టం కలిగించగలదు. ఆపై గుహలో ఎదురయ్యే క్లార్గ్ అనే బగ్‌బేర్ (భారీ గాబ్లిన్ జాతి జీవి) ఒక్క దెబ్బతో 18 పాయింట్లు తీయగలదు. అప్పుడే ఆట మొదలుపెట్టిన ఒకటో లెవెల్ పాత్రలకు ఇది ప్రాణాంతకమే. నిబంధనలు ఇంకా తెలియని వారు మొదటి సెషన్‌లోనే పాత్రను పోగొట్టుకుంటే రెండో సెషన్‌కు వస్తారన్న భరోసా లేదు. ఓడిన వారిని చంపకుండా బందీలుగా పట్టుకుపోయేలా నడిపించడం మేలు.

ఫాండలిన్‌కు చేరాక పుస్తకం తన ప్రతిభ చూపుతుంది. పట్టణంలోని వారు తలొక పని అప్పగిస్తారు, దేన్ని ముందు చేపట్టాలో జట్టే నిర్ణయించుకుంటుంది, అడిగిన సాయం అందిందో లేదో వారికి తెలుస్తుంది. శిథిలమైన థండర్‌ట్రీలో ఉండే ఆకుపచ్చ డ్రాగన్ వెనమ్‌ఫాంగ్ ఈ స్థాయి పాత్రలకు మించిన ప్రత్యర్థి. అయినా దాని బలం సగానికి తగ్గితే అది ఎగిరిపోతుందని పుస్తకం సూచిస్తుంది. అలా తప్పించుకున్న శత్రువు క్యాంపెయిన్‌కు పెట్టుబడి వంటిది, మరో పది సెషన్లకు సరిపడా పగ అక్కడే సిద్ధంగా ఉంటుంది.

కొనసాగింపు విషయంలో ఈ పెట్టె చేతులెత్తేసే చోట్లు కూడా ఉన్నాయి. సొంత పాత్రను తయారుచేసుకునే పద్ధతి నిబంధనల పుస్తకంలో లేదు; అందుకు ఉచితంగా లభించే బేసిక్ రూల్స్ అనే నిబంధనల పత్రాన్ని ఆశ్రయించాలి. ఆటకు ముందు అందరూ కూర్చుని ఎలాంటి కథ కావాలో, ఏ విషయాలు వద్దో, ఎన్నాళ్లకొకసారి కలవాలో మాట్లాడుకునే సెషన్ జీరో గురించి మార్గదర్శనం కనిపించదు. ఒకరు రాలేని రోజున ఏం చేయాలన్నది కూడా అంతే. నా దృష్టిలో క్యాంపెయిన్లను డ్రాగన్ల కంటే ఎక్కువగా చంపేది తేదీలు కుదరకపోవడమే కాబట్టి, ఇది చిన్న లోపం కాదు.

కథ 5వ లెవెల్ దగ్గర ఆగుతుంది. 2023లో వచ్చిన ఫాండెల్వర్ అండ్ బిలో అనే పుస్తకం ఇదే కథను 12వ లెవెల్ దాకా పొడిగించింది గనుక, దీర్ఘకాలం ఆడాలని ముందే నిశ్చయించుకున్న జట్టు నేరుగా ఆ పుస్తకాన్నే తీసుకోవచ్చు. ఆటే కొత్తయిన వారికి మాత్రం, నిబంధనలూ పాత్రలూ పాచికలూ ఒకేచోట దొరికే ఈ పెట్టెనే నేను సిఫారసు చేస్తాను.