మెనోపాజ్ ఆవిర్లకి ఈస్ట్రోజెన్ (ఆడవాళ్ళ హార్మోన్) జెల్ ఏడు నెలలు రాసుకున్నాక నా రివ్యూ (శ్రీకాకుళం నుంచి)

నా రేటింగ్ అయిదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో మధ్యలో చెప్తాను. కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు మన తెలుగులో ఒక్క ఆడమనిషి కూడా "నేను ఇది వాడాను, నాకిలా ఉంది" అని రాసింది కనపడలేదు, అన్నీ ఏం తినాలి ఏం తినకూడదు అనేవే.

నాకు 49. శ్రీకాకుళం పక్కనే హైస్కూల్లో లెక్కలు చెప్తాను. జెల్ మొదలుపెట్టేసరికి పీరియడ్స్ ఆగిపోయి ఏడాది మూడు నెలలు. వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే మెనోపాజ్ అంటారు, కానీ బాధలు దానికి రెండు మూడేళ్ళ ముందు నుంచే ఉంటాయి. మన దేశంలో సగటున 46, 47 కే ఆగిపోతాయి, అమెరికా వాళ్ళకి 51. అందుకని 44లో మీకు ఆవిర్లు మొదలైతే "ఇంకా చిన్నదానివే, అదేం కాదు" అని ఎవరన్నా వినకండి.

ఆవిరి అంటే ఎలా ఉంటుందో రాని వాళ్ళకి చెప్పడం కష్టం. ఛాతీ దగ్గర సెగ పుడుతుంది, మెడ మీదగా మొహంలోకి పాకుతుంది, రెండు మూడు నిమిషాలు ఒళ్ళు పొయ్యి దగ్గర పెట్టినట్టు ఉండి, తర్వాత ఒక్కసారి చెమట, ఆ చెమట ఆరుతుంటే చలి. నాకు రోజుకి పది పన్నెండు వచ్చేవి. బోర్డు మీద రాస్తుంటే జాకెట్టు వీపంతా తడిసిపోయేది, ముందు బెంచీ పిల్ల లేచి వెళ్ళి ఫ్యాన్ పెంచేది, ఏం అడక్కుండా. రథసప్తమికి అరసవల్లి లైన్లో తెల్లవారుజామున, అందరూ స్వెట్టర్లు కప్పుకుని ఉంటే, నేను కొంగుతో విసురుకుంటూ కింద కూలబడిపోయాను. రాత్రుళ్ళు అయితే మరీ, మూడు సార్లు నాలుగు సార్లు లేవడం, నైటీ మార్చుకోవడం, మళ్ళీ నిద్ర పట్టకపోవడం, పొద్దున్న పిల్లల మీద అరవడం. నేను అరిచే టీచర్ని కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మా అత్తయ్యకి చెప్తే "మా కాలంలో ఇవన్నీ ఎవులు సెప్పుకున్నారమ్మా, ముట్లాగిపోతే గొడవొదిలింది అనుకున్నాం" అంది. కానీ ఆ రాత్రే నా గదిలోకి వచ్చి మంచం పక్కన కూర్చుని, తనకి కూడా రాత్రుళ్ళు చెమటలు పట్టేవని, నూతి దగ్గరికెళ్ళి నీళ్ళు పోసుకునేదాన్నని, మావయ్యకి కూడా చెప్పలేదని చెప్పింది. ముప్ఫై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు ఆవిడ.

జెల్ దాకా వచ్చే ముందు ఏం వాడానో కూడా రాయాలి కదా. మందుల షాపులో అడిగితే సోయా క్యాప్సూల్స్ ఇచ్చారు, మూడు నెలలు వేసుకున్నాను, నాకు తేడా తెలియలేదు. సోయా మీద చాలా స్టడీలు జరిగాయి, కొందరికి కాస్త తగ్గుతుంది కొందరికి ఏమీ ఉండదు, నేను రెండో రకం. శతావరి పొడి పాలల్లో కలిపి అత్తయ్య ఇచ్చేది, ఆవిడ ప్రేమ కోసం తాగాను, ఆవిర్లు మాత్రం అలాగే వచ్చాయి. చోడి (రాగి) అంబలి మాత్రం ఆపలేదు, ఆపను కూడా, చోళ్ళు 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముకలు వేగంగా అరుగుతాయి కాబట్టి అది ఎముకల కోసం. ఆవిర్లకి మందు అనుకుని తాగితే నిరాశే.

తర్వాత ఒక ప్రైవేట్ ఆస్పత్రికి వెళ్ళాను. పేరు రాయను. స్కాన్ తీసి చిన్న గడ్డ ఉంది, రెండు సెంటీమీటర్లు కూడా లేదు, బ్లీడింగ్ లేదు నొప్పి లేదు, అయినా "ఈ వయసులో గర్భసంచి ఎందుకమ్మా, తీసేస్తే ఈ వేడి గొడవంతా పోతుంది" అన్నారు. అయిదు నిమిషాల్లో డేట్ కూడా చెప్పేశారు. బయటికొచ్చి కుర్చీలో కూర్చుంటే నాకు మా చిన్న వదిన గుర్తొచ్చింది. పాలకొండ దగ్గర ఊరు తనది, 36 ఏళ్ళకే సంచి తీసేశారు, అండాశయాలు కూడా, ఆపరేషన్ అయిన వారం నుంచే తనకి ఆవిర్లు, మోకాళ్ళు, ఏడుపు, అన్నీ. ఎవరూ ఎందుకో చెప్పలేదు తనకి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో అందరికంటే ఎక్కువ మన ఆంధ్రాలోనే, 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో 8.9 శాతం. మన చుట్టాల్లోనే లెక్కపెట్టుకోండి ఎంతమంది ఉన్నారో. సంచి తీస్తే ఆవిర్లు తగ్గవు. ఆవిర్లు సంచి వల్ల రావు, అండాశయాల్లో ఈస్ట్రోజెన్ తగ్గిపోతే మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు కంగారు పడటం వల్ల వస్తాయి. అండాశయాలు కూడా తీసేస్తే ఒక్క రోజులో మెనోపాజ్ వచ్చి పడుతుంది, ఇంకా గట్టిగా. నేను ఆ డేట్‌కి వెళ్ళలేదు.

ఇక అసలు విషయం. విశాఖ నుంచి ఆదివారాలు మన ఊరొచ్చే ఒక లేడీ డాక్టర్ దగ్గరికి మా స్టాఫ్‌రూమ్‌లో సీనియర్ టీచర్ పంపించింది. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. ముందు మందు రాయలేదు, ప్రశ్నలు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా, కాళ్ళలో రక్తం గడ్డకట్టిందా ఎప్పుడైనా, బీపీ ఎంత, లివర్ జబ్బు ఉందా, ఆగిపోయాక మళ్ళీ బ్లీడింగ్ కనపడిందా, వేరుశనగ పడదా (జెల్‌తోపాటు వేసుకునే ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ క్యాప్సూల్స్ కొన్నిటిలో వేరుశనగ నూనె ఉంటుందట). పుట్టిల్లు ఎక్కడ అని అడిగారు, కవిటి వైపు అన్నాను, వెంటనే క్రియాటినిన్ (కిడ్నీల టెస్టు) రాశారు. మా మేనమామ డయాలసిస్‌లోనే పోయాడు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం (మా కవిటి వైపు) వాళ్ళకి ఈ ప్రశ్న ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఒళ్ళు నొప్పులకి షాపులో కొనుక్కునే నొప్పి బిళ్ళలు మానెయ్యమని, కాల్షియం బిళ్ళలు కూడా ఆ రిపోర్టు చూశాకే అని చెప్పారు. థైరాయిడ్ టెస్టు, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా. థైరాయిడ్ ఎందుకంటే అది ఎక్కువైనా ఇలాగే చెమటలు, గుండె దడ ఉంటాయి.

హార్మోన్లు అనగానే నేను భయపడ్డాను, క్యాన్సర్ వస్తుంది కదా మేడమ్ అన్నాను. ఆవిడ కాగితం తిప్పి లెక్క వేసి చూపించారు, లెక్కల టీచర్ని కాబట్టి నాకు అదే నచ్చింది. అమెరికాలో ఒక పెద్ద స్టడీని 2002లో మధ్యలో ఆపేశారు, అక్కడ్నుంచే ఈ భయమంతా. అందులో హార్మోన్లు వాడని వాళ్ళలో ఏడాదికి 10,000 మందికి 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, వాడిన వాళ్ళలో 38 మందికి వచ్చింది. అంటే పదివేలకి ఎనిమిది ఎక్కువ. అది సున్నా కాదు, ఆవిడ కూడా సున్నా అనలేదు, ఎక్కువ ఏళ్ళు వాడేకొద్దీ పెరుగుతుందని కూడా చెప్పారు. కానీ ఆ స్టడీలో వాళ్ళ సగటు వయసు 63, వాడినవి పాత రకం బిళ్ళలు. 60 లోపు, లేదా పీరియడ్స్ ఆగిన పదేళ్ళలోపు, వేరే జబ్బుల్లేకుండా మొదలుపెట్టేవాళ్ళకి లాభమే ఎక్కువ అని తర్వాత తేలింది. ఆవిర్లు ఏడెనిమిదేళ్ళు కూడా ఉండొచ్చు, అన్నేళ్ళు ఓర్చుకుంటారా, కొన్నాళ్ళు మందు వాడి చూస్తారా, రెండూ తప్పు కాదు, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి అన్నారు. ఇంతవరకు ఏ డాక్టరూ నన్ను ఆలోచించుకుని రమ్మనలేదు.

రెండు వారాల తర్వాత వెళ్ళాను, రిపోర్టులు బాగున్నాయి, మొదలుపెట్టాం. జెల్‌లో 2.5 గ్రాములకి 1.5 మిల్లీగ్రాముల ఎస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) ఉంటుంది, నాకు మొదట సగం, ఆరు వారాల తర్వాత పూర్తి డోసు. స్నానం అయ్యాక భుజం నుంచి మోచేతి దాకా పల్చగా రాసుకోవాలి, రుద్దక్కర్లేదు, అయిదు నిమిషాల్లో ఆరిపోతుంది, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఒక గంట చిన్న పిల్లల్ని ఆ చేతికి ఆనించుకోకూడదు. బిళ్ళ అయితే ముందు లివర్లోంచి వెళ్తుంది, రక్తం గడ్డకట్టే రిస్కు పెరుగుతుంది, చర్మం మీద రాస్తే ఆ రిస్కు అలా పెరగదు, అందుకే జెల్. దాంతోపాటు రాత్రి పడుకునే ముందు 100 మిల్లీగ్రాముల ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్. ఇది మర్చిపోకూడదు, గర్భసంచి ఉన్నవాళ్ళు ఒట్టి ఈస్ట్రోజెన్ వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా వెళ్ళొచ్చు. సంచి లేని మా వదినకి అయితే జెల్ ఒక్కటే చాలంట.

మొదటి రెండు వారాలు ఏమీ లేదు, పైగా రొమ్ముల్లో సలపరం. నిద్ర మాత్రం మొదటి వారమే వచ్చింది, ఆ క్యాప్సూల్ మత్తుగా ఉంటుంది, నాకు అదే వరం. నాలుగో వారం నుంచి ఆవిర్లు పదకొండు, తొమ్మిది, ఆరు అలా తగ్గాయి, డైరీలో గీతలు పెట్టుకున్నాను. మూడో నెలకి రోజుకి రెండు. ఇప్పుడు రోజుకి ఒకటి, కొన్ని రోజులు అదీ లేదు. మే నెలలో కరెంటు పోయినప్పుడు అందరితోపాటే చెమట పట్టింది, అది చూసి ఎంత సంతోషం వేసిందో.

ఏం తగ్గలేదు అంటే బరువు తగ్గలేదు, దానికిది మందు కాదు. పేర్లు మర్చిపోవడం కొంచెం తగ్గిందనిపిస్తుంది, నిద్ర వల్లేమో. ఇంకోటి సిగ్గుపడకుండా రాస్తున్నాను, కింద పొడిబారడం, మంట, నెలకోసారి యూరిన్ ఇన్ఫెక్షన్, వీటికి ఈ జెల్ చాల్లేదు. దానికి వేరే క్రీమ్ ఉంది, ఈస్ట్రోజెన్‌దే, చాలా తక్కువ డోసు, లోపల పెట్టుకునేది, రక్తంలోకి పెద్దగా వెళ్ళదు. రెండు నెలల్లో ఇన్ఫెక్షన్ ఆగింది. ఆవిర్లు లేకుండా ఈ బాధ ఒక్కటే ఉన్నవాళ్ళకి ఆ క్రీమ్ ఒక్కటే సరిపోతుంది, మా ఆయనతో మాట్లాడకుండా మొహం తిప్పుకుని పడుకున్న ఏడాది గుర్తొస్తే ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

స్టార్ తగ్గించింది రెండింటికి. ఒకటి ఖర్చు, జెల్లూ క్యాప్సూల్సూ కలిపి నాకు నెలకి వెయ్యి దాటుతోంది, జీతం ఉన్న నాకే బరువు, కూలికెళ్ళేవాళ్ళు ఎలా కొంటారు. రెండోది దొరకడం. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల నాలుగు షాపులు తిరిగాను, "ఆర్డర్ పెడతాం మేడమ్" అనేవాళ్ళే, ఒకసారి పది రోజులు లేటైంది, ఆరో రోజుకే ఆవిర్లు మళ్ళీ మొదలు. నాలుగో నెలలో మూడు రోజులు కొంచెం ఎర్రగా కనపడింది కూడా. మొదట్లో అలా కావచ్చట, అయినా ఆవిడ స్కాన్ తీసి పొర మందం చూశాకే కొనసాగించమన్నారు. మందు వాడినా వాడకపోయినా, ఆగిపోయాక మళ్ళీ కనపడితే మాత్రం ఇంట్లో కూర్చోకండి.

నన్ను డాక్టర్ దగ్గరికి పంపిన ఆ సీనియర్ టీచర్ మాత్రం ఈ జెల్ వాడకూడదు, ఆవిడకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యింది, టామాక్సిఫెన్ (ఆ క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే మందు) మీద ఉన్నారు. ఆవిడకి హార్మోన్ కాని మందు రాశారు, వెన్లాఫాక్సిన్ తక్కువ డోసులో, అసలు డిప్రెషన్‌కి వాడేది. ఆవిర్లు సగానికి తగ్గాయంటున్నారు. అదే జాతిలో పారాక్సిటిన్ అనేది కూడా ఆవిర్లకి వాడతారు కానీ టామాక్సిఫెన్ పనికి అది అడ్డం పడుతుంది కాబట్టి ఇవ్వలేదు. ఇందుకే అంటున్నాను, నా చీటీ ఫోటో అడగకండి, ఇప్పటికే ముగ్గురు అడిగారు, ఇవ్వలేదు.

జనవరిలో మళ్ళీ మామోగ్రామ్, బీపీ చూసి డోసు తగ్గిద్దామా అని చూస్తాం అన్నారు. వచ్చే ఆదివారం మా వదినని తీసుకెళ్తున్నాను, పాలకొండ నుంచి పొద్దున్న బస్సుకి వస్తానంది. టెక్కలి, పలాస వైపు వాళ్ళు జెల్ అయిపోయేదాకా ఆగకండి, ట్యూబ్ సగంలో ఉండగానే షాపులో చెప్పి పెట్టుకోండి.