జేబులో రెండో మ్యాగజైన్: మూడు రకాల పౌచ్‌లపై సమీక్ష

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, తుపాకీ కలిగి ఉండడానికి చట్టరీత్యా ఏ అనర్హతా లేనివారు ప్రత్యేక లైసెన్సు తీసుకోకుండానే పిస్టల్‌ను బట్టల చాటున వెంట ఉంచుకోవచ్చు. డాలస్ పరిసరాల్లోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడిన మనవాళ్ళలో పిస్టల్ కొన్నవారితో మాట్లాడితే, ఏ పిస్టల్ మంచిది, ఏ హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) నడుముకు గుచ్చుకోదు అన్న రెండు ప్రశ్నల దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. అదనపు తూటాలు ఎక్కడ పెట్టుకుంటున్నారని అడిగితే మాత్రం ప్యాంటు జేబు తట్టి చూపిస్తారు. ఆ జేబులో మ్యాగజైన్‌తో (తూటాలు నింపి పిస్టల్ పిడిలోకి ఎక్కించే డబ్బాతో) పాటు తాళంచెవులు, చిల్లర, ఒక్కోసారి వక్కపొడి పొట్లం కూడా ఉంటాయి. మ్యాగజైన్‌ను అలా వదులుగా వేసుకోవడం ఎందుకు తగదో, దానికోసమే అమ్ముతున్న సాధనాల్లో నేను వాడి చూసిన మూడు రకాలు ఎలా పనిచేశాయో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం. నేను వాడినవాటి తయారీదారుల పేర్లు ఇవ్వడం లేదు. ఒకే నమూనాను అనేక కంపెనీలు తయారు చేస్తున్నందువల్ల కొనేవారు చూసుకోవలసింది నిర్మాణాన్నే.

ముందుగా చట్టం గురించి కొంత చెప్పక తప్పదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపుల కిందికి వస్తే తప్ప, తుపాకీనే కాదు, ఒక్క తూటాను కూడా తమ దగ్గర ఉంచుకోరాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఒకే ఇంట్లో అన్నకు గ్రీన్‌కార్డు, తమ్ముడికి విద్యార్థి వీసా ఉండడం మనలో సర్వసాధారణం కాబట్టి, అన్న తన మ్యాగజైన్‌ను తమ్ముడు నడిపే కారు డాష్‌బోర్డు అరలో మరిచిపోతే అది తమ్ముడి మెడకు చుట్టుకోగల వ్యవహారం. ఏ పౌచ్ కొన్నా, ఇంటికి రాగానే దాన్ని పిస్టల్‌తో పాటే తాళం వేసిన పెట్టెలో పెట్టే అలవాటు ఉన్నవారికే ఇది ఉపయోగపడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ అలవాటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

రెండో మ్యాగజైన్ అసలు అవసరమా అన్న ప్రశ్న న్యాయమైనదే. మామూలు మనిషికి ఆత్మరక్షణ కోసం పిస్టల్ తీయవలసిన పరిస్థితే అరుదు. తీసినా పది తూటాలు చాలవనే సందర్భం ఇంకా అరుదు. తూటాలు ఎక్కువ కావాలన్నదే కోరిక అయితే, పిస్టల్‌లోనే కొంచెం పొడవైన మ్యాగజైన్ పెట్టుకోవడం సులువు. నేను రెండోదాన్ని వెంట ఉంచుకునేది పిస్టల్ మొరాయిస్తే పనికొస్తుందని. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తేలికగా దెబ్బతినే భాగం మ్యాగజైనే: సన్నని రేకు డబ్బా, లోపల స్ప్రింగు, తూటాలను పైకి నెట్టే ప్లాస్టిక్ ముక్క, తూటాను పట్టి ఉంచే రెండు పెదవులు, కింద ఒక మూత. కింద పడినప్పుడు ఆ పెదవి కాస్త వంగినా, మూత చిట్లినా, తెలియకుండా మీట నొక్కుకుని మ్యాగజైన్ జారిపోయినా, చేతిలో మిగిలేది మహా అయితే ఒకే తూటా ఉన్న పిస్టల్. రెండు తూటాలు ఒకేసారి ఛాంబర్ (తూటా పేలే గది) దగ్గర ఇరుక్కున్నప్పుడు కూడా, పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడును వెనక్కి లాగి నిలిపి, ఉన్న మ్యాగజైన్ పీకేసి, లోపలిది ఖాళీ చేసి, కొత్తది ఎక్కించమనే శిక్షకులు నేర్పుతారు. ఆ కొత్తది ఎక్కడుందో చేతికి తెలియాలి కదా.

నా దగ్గరున్నది సిగ్ సావర్ కంపెనీ 2018లో విడుదల చేసిన పి365. ఈ చిన్న 9 ఎం.ఎం. పిస్టల్‌కు 10 తూటాల మ్యాగజైన్‌తో పాటు 12, 15 తూటాలు పట్టేవి కూడా దొరుకుతాయి. 124 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) బుల్లెట్, అంటే ఎగిరిపోయే మొన భాగం, ఉన్న తూటా ఒక్కొక్కటి దాదాపు 12 గ్రాములు ఉంటుంది కాబట్టి, 12 తూటాలు నింపిన మ్యాగజైన్ బరువు 200 గ్రాములకు అటూఇటూగా, అంటే ఒక పెద్ద స్మార్ట్‌ఫోన్ బరువంత ఉంటుంది. ఈ బరువు వదులుగా జేబులో పడితే అడ్డంగా తిరుగుతుంది, తలకిందులవుతుంది, నడకలో తొడకు కొట్టుకుంటుంది. పైగా జేబు అడుగున ఉండే నూలు పీచు తూటాకూ పెదవులకూ మధ్య దూరుతుంది. కొన్ని వారాలు అలా మోసిన మ్యాగజైన్‌ను దీపం కింద పెట్టి చూస్తే, పై తూటా అంచు చుట్టూ బూడిద రంగు పీచు అల్లుకుని, ఒక్కోసారి ఆ తూటా తన చోటు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగి కనిపిస్తుంది. ముందుకు జరిగిన తూటాతో మ్యాగజైన్ పిస్టల్ పిడిలోకి సాఫీగా దిగదు.

మొదట కొన్నది అయస్కాంతపు క్లిప్. చిన్న అల్యూమినియం పట్టీకి ఒకవైపు జేబు అంచుకు తగిలించే కొక్కెం, రెండోవైపు బలమైన నియోడైమియం అయస్కాంతాలు ఉంటాయి. మ్యాగజైన్ దానికి అతుక్కుని జేబులో నిలువుగా నిలబడుతుంది. బయటికి కనిపించేది కొక్కెం మాత్రమే కావడం వల్ల చూసేవారు జేబుకత్తి అనుకుంటారు, అసలు ఎవరూ చూడను కూడా చూడరు. ఊహ తెలివైనదే, తీయడం కూడా వేగమే. అయితే పి365 మ్యాగజైన్ ఉక్కుది కాబట్టి అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది గాని, గ్లాక్ అనే మరో కంపెనీ పిస్టల్ మ్యాగజైన్‌లో ఉక్కు మీద ప్లాస్టిక్ పొర ఉండడం వల్ల ఆ పట్టు సహజంగానే తగ్గుతుంది. అయస్కాంతం తాళంచెవులను కూడా వదలదు; మాగ్నెటిక్ పట్టీ ఉన్న హోటల్ గది కార్డును అదే జేబులో వేసుకుంటే రాత్రి గది తలుపు ముందు నిలబడవలసి వస్తుంది. జీన్స్ ప్యాంటుకు బాగా పట్టుకునే ఈ కొక్కెం, ఆఫీసుకు వేసుకునే పలుచని ప్యాంటుకు అంతగా పట్టదు. గబుక్కున లాగితే మ్యాగజైన్‌తో పాటు క్లిప్ కూడా చేతిలోకి వచ్చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మ్యాగజైన్ మూత పైకి, నోరు కిందికి ఉండేలా వేలాడుతుంది కాబట్టి జేబు పీచు సమస్య ఇక్కడ తగ్గుతుందే గాని తీరదు.

రెండోది సాగే బట్టతో కుట్టిన జేబు పౌచ్. చవకైనది, మెత్తనిది, కూర్చుంటే గుచ్చుకోదు. మ్యాగజైన్ నోటిని పూర్తిగా కప్పుతుంది కాబట్టి శుభ్రంగా ఉంచుతుంది. కానీ తీయబోతే పౌచ్ కూడా వెంట వస్తుంది, దాన్ని రెండో చేత్తో విడదీయాలి, ఆ రెండో చేతిలో అప్పటికే పిస్టల్ ఉంటుంది. పైన గరుకు రబ్బరు పొర ఉన్నవి కొంత నయం. చెమటకు ఆ బట్ట సాగిపోయి పట్టు తప్పుతుందన్న మాట కూడా చెప్పాలి.

మూడోది కైడెక్స్‌తో చేసిన బెల్టు పౌచ్. ఇప్పుడు నేను నిత్యం వాడుతున్నది ఇదే. కైడెక్స్ అంటే వేడి చేసి ఏ వస్తువు ఆకారానికైనా అచ్చు పోయగలిగే గట్టి ప్లాస్టిక్ రేకు. దీన్ని ఫలానా మ్యాగజైన్‌కు సరిపోయేలా అచ్చు వేస్తారు కాబట్టి పి365 కోసం చేసినదాంట్లో గ్లాక్ మ్యాగజైన్ సరిగా కూర్చోదు. కొనేటప్పుడు పిస్టల్ నమూనా పేరు, ఎన్ని తూటాల మ్యాగజైన్ అన్నది సరిచూసుకోవాలి. నా పౌచ్ అడుగు మూసి ఉంటుంది. అడుగు తెరిచి ఉన్నవే బజారులో ఎక్కువ, కానీ మూసినది వెదికి కొనడం మంచిది. పీచు, చెమట రెండూ తూటాల దాకా రావు. కుడిచేతివాటం ఉన్నవారికి దీని చోటు బొడ్డుకు ఎడమవైపు, ప్యాంటు లోపల. తూటాల మొనలు ముందుకు, అంటే బెల్టు బకిల్ వైపు చూడాలి. అప్పుడు ఎడమచెయ్యి కిందికి పోగానే మూత అరచేతిలోకి వస్తుంది, చూపుడువేలు మ్యాగజైన్ ముందంచు వెంట సాగి పై తూటా మొనను తాకుతుంది. ఆ వేలు ఎటు చూపిస్తే మ్యాగజైన్ నోరు అటే ఉంటుంది కాబట్టి చీకట్లో కూడా పిస్టల్ పిడి దొరుకుతుంది. జేబులో ఈ క్రమం ఎంత సాధన చేసినా ఇంత నిలకడగా రాదు, కూర్చుని ఉన్నప్పుడైతే జేబులోకి చెయ్యే దూరదు. కారులో సీటుబెల్టు కింద కూడా అందేది నడుము దగ్గరి పౌచ్ ఒక్కటే.

దీనికీ లోపాలున్నాయి. వంగి చెప్పుల పట్టీ పెట్టుకునేటప్పుడు పై అంచు పొట్టలో దిగుతుంది. కాస్త బొజ్జ ఉన్నవారు పౌచ్‌ను బొడ్డు నుంచి మరో రెండంగుళాలు పక్కకు జరుపుకోవాలి. బెల్టు గట్టిది కాకపోతే పౌచ్ ముందుకు ఒరిగి చొక్కా కింద గుబ్బలా కనిపిస్తుంది. మొదట వచ్చిన ప్లాస్టిక్ క్లిప్ కొంతకాలానికి మూల దగ్గర విరిగింది. లోహపు క్లిప్ విడిగా కొని బిగించాక ఇబ్బంది లేదు. టెక్సస్ వేసవిలో మూసిన కారు డాష్‌బోర్డు మీద కైడెక్స్‌ను వదిలేస్తే వేడికి మెత్తబడి ఆకారం తప్పవచ్చు.

మన వేషధారణకు వస్తే, ఈ మూడింటినీ తయారు చేసినవారి ఊహలో ఉన్నది జీన్స్, బెల్టు వేసుకున్న మగవాడే. లాల్చీ జేబు లోతుగా, వదులుగా ఉండడం వల్ల అయస్కాంతపు క్లిప్ పక్కకు ఒరిగిపోతుంది. నాడా కట్టే పైజమాకు బెల్టు పౌచ్ నిలవదు. ఆడవాళ్ళ ప్యాంట్లకు జేబులే లోతు తక్కువ, మ్యాగజైన్ సగం బయటికి వస్తుంది. చేతిసంచిలో పెట్టుకునేవారు పిస్టల్‌కూ దీనికీ మాత్రమే కేటాయించిన అర ఉన్న సంచి తీసుకోవాలి. పండుగలకు గుడికి వెళ్ళేటప్పుడు నాకు ఈ చిక్కే లేదు, ఎందుకంటే ఆ రోజు ఏదీ తీసుకువెళ్ళను. కొన్ని ప్రాంగణాల గుమ్మం దగ్గర 30.06 బోర్డు, అంటే అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లిషులో, స్పానిష్‌లో ఉండే నిషేధ ప్రకటన ఉంటుంది. దాన్ని చూసి కూడా లోపలికి తీసుకువెళ్ళడం నేరం.

పౌచ్ ఎంత మంచిదైనా లోపలి తూటాలను పట్టించుకోవాలి. రోజూ పిస్టల్‌ను ఖాళీ చేసి మళ్ళీ అదే తూటాను ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంటే, ఆ తాకిళ్ళకు బుల్లెట్ కొంచెం కొంచెంగా గుల్లలోకి దిగుతుంది; అలా పొట్టి అయిన తూటా పేలినప్పుడు లోపలి పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు. కొత్త తూటాను పక్కన నిలబెట్టి ఎత్తు పోల్చితే తేడా కంటికి తెలుస్తుంది. స్ప్రింగు అరిగేది నింపి ఉంచడం వల్ల కాదు, పదేపదే నింపి ఖాళీ చేయడం వల్ల.

ప్రయాణాలు చేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. టెక్సస్‌లో మ్యాగజైన్ పరిమాణంపై పరిమితి లేదు గాని, కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో 10 తూటాలే హద్దు, కొలరాడోలో 15. న్యూజెర్సీలో హాలోపాయింట్ (మొనలో గుంట ఉండే) తూటాలపై ప్రత్యేక ఆంక్షలు కూడా ఉన్నాయి. టెక్సస్ లైసెన్సును న్యూజెర్సీ, కాలిఫోర్నియా గుర్తించవు కాబట్టి, న్యూజెర్సీ ఎడిసన్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళేటప్పుడు ఈ సామగ్రి అంతా ఇంట్లోనే ఉండిపోవడం క్షేమం. అమెరికా లోపలి విమానాల్లో తూటాలు చేతిసంచిలో నిషిద్ధం. చెక్ ఇన్ సామానులో మాత్రం ముందుగా చెప్పి, తగిన పెట్టెలో పెట్టి పంపవచ్చు. ఇండియాకు వెళ్ళేవారి సంగతి ఇంకా తీవ్రమైనది. లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరమే. షూటింగ్ రేంజికి తీసుకువెళ్ళిన సంచితోనే శంషాబాద్‌లో దిగి, అడుగు అరలో మరిచిన తూటా స్కానర్‌లో కనిపిస్తే, తెలియక ఉండిపోయిందన్న వాదనను కోర్టు చివరకు అంగీకరించినా, అప్పటికి పెళ్ళి ముహూర్తం, తిరుగు టికెట్టు రెండూ దాటిపోతాయి. రేంజి సంచి వేరు, ప్రయాణపు సంచి వేరు అన్నది ఇంట్లో కచ్చితంగా పాటించాలి.

ఐదు తూటాల .38 రివాల్వర్ వాడేవారికి ఈ పౌచ్‌లు ఏవీ అక్కరకు రావు. వారికి తూటాలన్నీ ఒకేసారి ఎక్కించే గుండ్రటి స్పీడ్‌లోడర్ వేగంగా పనిచేస్తుంది గాని జేబులో నిమ్మకాయంత ఉబ్బుగా కనిపిస్తుంది. తూటాలను వరసగా గుచ్చి పెట్టే రబ్బరు పట్టీ నిదానమైనా బల్లపరుపుగా ఉండి చొక్కా జేబులో కూడా ఇమిడిపోతుంది. నేనైతే పట్టీనే సూచిస్తాను.

ధరల విషయానికి వస్తే, బట్ట పౌచ్ 15 నుంచి 20 డాలర్లకు, కైడెక్స్‌ది 30 నుంచి 40 డాలర్లకు, అయస్కాంతపు క్లిప్ అంతకన్నా కొంచెం ఎక్కువకు దొరుకుతాయి. రోజూ బెల్టు పెట్టుకునేవారు మరో ఆలోచన లేకుండా కైడెక్స్ తీసుకోవచ్చు. ఎప్పుడూ జీన్స్ వేసుకుని, నడుము దగ్గర మరో వస్తువు భరించలేనివారికి అయస్కాంతపు క్లిప్ ఫరవాలేదు, వారానికోసారి మ్యాగజైన్ విప్పి తుడుచుకుంటే చాలు. కైడెక్స్ కొన్నవారు మొదటి రోజే మ్యాగజైన్‌లోంచి తూటాలన్నీ తీసేసి, పౌచ్‌ను బోర్లించి మెల్లగా ఊపి చూడాలి: ఖాళీ మ్యాగజైన్ జారకూడదు, చేత్తో లాగితే ఒక్క టక్ శబ్దంతో రావాలి. పట్టు చాలకపోతే పక్కనున్న మరను పావు చుట్టు బిగించి, మర కదలకుండా దానికి ఒక చుక్క థ్రెడ్‌లాకర్ జిగురు వేయాలి. అది వేయకపోతే రోజువారీ నడకకే ఆ మర వదులవుతుంది.