సిగార్ నివేదికలు: శిక్షణ ఇచ్చేవారు తప్పక చదవవలసినవి

పోలీసు శిక్షణ కళాశాలలో పంతొమ్మిదేళ్లు కానిస్టేబుళ్లకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ వశమైన వార్త చూసి చాలా రోజులు మనసు కుదుటపడలేదు. అమెరికా ఇరవై ఏళ్లు తర్ఫీదు ఇచ్చిన అఫ్గాన్ దళం అంత త్వరగా ఎలా కరిగిపోయింది? జవాబు వెతుకుతుంటే సిగార్ నివేదికలు దొరికాయి. అఫ్గానిస్థాన్ పునర్నిర్మాణానికి ఇచ్చిన డబ్బు ఏమైందో తేల్చడానికి 2008లో అమెరికా కాంగ్రెస్ ఏర్పాటు చేసిన తనిఖీ కార్యాలయం ఇది. నివేదికలను ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

నన్ను కట్టిపడేసింది పోలీసు శిక్షణ గురించిన భాగం. తూర్పు అఫ్గానిస్థాన్‌లో పోలీసు పని నేర్పే బాధ్యతను ఒక సైనిక హెలికాప్టర్ పైలట్‌కు అప్పగించారట. మరో అధికారి ఏం నేర్పాలో తెలియక టీవీలో పోలీసు సీరియళ్లు చూసి పాఠాలు తయారుచేసుకున్నాడట. అది చదివి పుస్తకం మూసినట్టు కంప్యూటర్ కట్టేసి, కాసేపు వరండాలో కూర్చున్నాను. ఆ అధికారుల మీద నాకు కోపం లేదు. తెలియని పని నెత్తిన పడితే మనిషి ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. వారిని అక్కడికి పంపినవారిదే తప్పు.

2002లో పోలీసు శిక్షణకు జర్మనీ ముందుకొచ్చింది. అధికారులను మూడేళ్లు చదివించాలన్నది వారి పద్ధతి. అది మరీ నెమ్మదిగా ఉందని అమెరికా కిందిస్థాయి పోలీసులకు 8 వారాల కోర్సు తెచ్చింది. చదువురానివారికైతే 5 వారాలే. ఇంటర్ చదివి వచ్చిన కుర్రాళ్లకే మా దగ్గర తొమ్మిది నెలలు పడుతుంది. ఎనిమిది వారాల్లో కవాతు నేర్పగలను, తుపాకి విప్పి బిగించడం నేర్పగలను. ఏడుస్తూ స్టేషనుకు వచ్చిన మనిషి చెప్పేది ఓపికగా విని, ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం మాత్రం నేర్పలేను.

డబ్బు సంగతి కూడా దాచకుండా రాశారు. 54.9 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టిన రవాణా విమానాల పథకంలో 20 విమానాలు వస్తే, 16 తుక్కు కింద అమ్ముడుపోయాయి. వచ్చింది దాదాపు 40 వేల డాలర్లు. అడవులు దేశంలో 2 శాతానికి కాస్త పైన మాత్రమే ఉంటే, సైనికుల యూనిఫాం మీద అడవి రంగులు అద్దారు.

కాగితం మీద మాత్రమే ఉన్న సైనికుల గురించీ ఉంది. జీతం పట్టీలో పేరుంటుంది, మనిషి ఉండడు, డబ్బు పైవాడి జేబులోకి వెళుతుంది. వార్దక్ రాష్ట్రంలో 2009లో కొందరు పోలీసులకు ఫోను ద్వారా నేరుగా జీతం పంపితే, జీతం పెరిగిందని వారు సంబరపడ్డారు. నిజానికి పెరిగిందేమీ లేదు, అంతకుముందు మధ్యలో కోత పడేది. ఈ ఉదంతం నేను వేరే చోట చదివినది. నెల మొదట్లో జీతం కోసం ఎదురుచూసిన ప్రతి కానిస్టేబుల్‌కూ దీని బరువు తెలుస్తుంది.

లోపాలు లేవని కాదు. పొడి అక్షరాల పేర్లు పేజీకి పది ఉంటాయి, పక్కన కాగితం పెట్టుకుని రాసుకుంటే తప్ప ముందుకు కదలలేం. 2017 చివర్లో దళాల సంఖ్య, మానేసిపోతున్నవారి లెక్క రహస్యమన్నారు. దాంతో సరిగ్గా కావలసిన చోట అంకెలు మాయమయ్యాయి. అంతకంటే నన్ను బాధించింది, మామూలు అఫ్గాన్ సైనికుడి గొంతు పెద్దగా వినిపించకపోవడం. 2014 తర్వాత తమ దళాల్లో 45 వేలమందికి పైగా చనిపోయారని 2019 జనవరిలో అధ్యక్షుడు ఘనీయే చెప్పాడు. వాళ్లు పోరాడలేదనే మాట నేను ఒప్పుకోను.

కొత్తగా చదివేవారు 2023 ఫిబ్రవరి నివేదికతో మొదలుపెట్టండి. దళాలు ఎందుకు కూలాయన్నది అందులో సూటిగా ఉంది. 2020లో తాలిబాన్‌తో చేసుకున్న దోహా ఒప్పందంతో అమెరికా వెళ్లిపోవడానికి నిశ్చయించుకోవడమే అన్నిటికంటే పెద్ద కారణమని చెబుతుంది. మరమ్మతులు చేసే విదేశీ కాంట్రాక్టర్లు వెళ్లిపోయాక విమానాలు ఎలా మూలపడ్డాయో వివరిస్తుంది.

ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. పోలీసు శిక్షణ పేజీలు అచ్చు తీసి, నా స్థానంలో ఇప్పుడు పాఠాలు చెబుతున్న తమ్ముడికి పంపించాను.