కోళ్ళ గంప అన్నారు అత్తయ్య: 14 నెలలు ప్లేపెన్ వాడాక

మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోగానే పొద్దున 8.30కి బయల్దేరడం మొదలైంది. నా షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, అదీ ఇంటి నుంచే. అత్తయ్య మా వీధిలోనే ఉంటారు కానీ మామయ్యగారి భోజనం అయ్యాక, ఒంటిగంటకి గానీ రారు. అంటే నాలుగున్నర గంటలపాటు మియాపూర్‌లోని రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేది నేనూ, ఆరు నెలలు దాటిన పాపా, సింకు నిండా గిన్నెలూ.

మొదటి వారం పాపని చంకనేసుకునే పప్పుకి పోపు పెట్టాను. ఆవగింజ ఒకటి ఎగిరి దాని మోచేతి మీద పడింది. చిన్న ఎర్రచుక్క, సాయంత్రానికి పోయింది. నాకు మాత్రం పోలేదు. ఆ రాత్రే ప్లేపెన్ ఆర్డరు పెట్టాను, అంటే పసిపిల్లల్ని లోపల ఆడుకోనిచ్చే చిన్న కంచె.

వచ్చింది ప్లాస్టిక్ పలకల రకం. పది పలకలు, రెండడుగుల ఎత్తు, బిగిస్తే లోపల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు జాగా. 6,800 రూపాయలు పడింది. ఒక పలకకి గడియ ఉన్న తలుపు, ఇంకోదానికి తిప్పే చక్రాలూ, పీ పీ మనే హారనూ. అట్టపెట్టె విప్పగానే ప్లాస్టిక్ కంపు గుప్పుమంది. సబ్బునీళ్ళతో కడిగి నాలుగు రోజులు బాల్కనీలో ఎండబెట్టాకే లోపలికి తెచ్చాను. తొట్టెల ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదని ఒక లెక్క ఉంది, తల ఇరుక్కోకుండా. స్కేలు పెట్టి చూస్తే దీనికి ఐదున్నర ఉంది. మీరు కొనేది ఏదైనా సరే, ఇంటికి రాగానే ముందు ఇది కొలవండి.

అత్తయ్య చూసిన రోజు చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఏటండీ అల్లుడుగారూ, పిల్లని కోళ్ళ గంప కింద మూసీసినట్టు మూసీసారు?" ఆవిడది ఏటికొప్పాక దగ్గర ఊరు. ఆ మాట నాకూ ఎక్కడో గుచ్చుకుంది, ఎందుకంటే మొదటి మూడు రోజులూ పాప అచ్చం కోడిపిల్లలాగే అరిచింది. నాలుగు నిమిషాలు. ఫోన్లో టైము చూసి మరీ చెబుతున్నాను, నాలుగు నిమిషాలకి మించి లోపల ఉండేది కాదు. రెండు గిన్నెలు తోమేసరికి ఏడుపు, నురగ చేతులతో పరుగు. డబ్బు దండగ అనుకున్నాను.

తప్పు కంచెది కాదు, నేను పెట్టిన చోటుది. హాల్లో సోఫా పక్కన పెట్టాను, ఎందుకంటే అక్కడే ఖాళీ ఉంది. అక్కణ్ణించి దానికి గోడ, టీవీ, ఫ్యాను తప్ప నేను కనబడను. ఐదో రోజు డైనింగు బల్లని గోడకి నెట్టి కంచెని వంటింటి గుమ్మానికి ఎదురుగా జరిపాను. స్టవ్వుకీ దానికీ మధ్య ఎనిమిది అడుగులు. ఆ రోజు 25 నిమిషాలు కూర్చుంది! బొమ్మలు ఒక్కటీ ముట్టలేదు. ఊచలు పట్టుకుని నేను బీరకాయ చెక్కు తీయడం చూసింది, కుక్కరు విజిల్ వేస్తే ఉలిక్కిపడి నా మొహం చూసింది, నేను నవ్వితే అదీ నవ్వింది. మూడో విజిల్‌కి తనే ముందుగా నవ్వడం మొదలుపెట్టింది. బొమ్మలు ఎన్ని వెయ్యాలా అని రాత్రుళ్ళు వెతికినవాణ్ణి, దానికి కావాల్సిన బొమ్మని నేనేనని ఐదో రోజు దాకా తట్టలేదు.

అలాగని బొమ్మలు వద్దని కాదు. మా ఇంట్లో నెగ్గినవి చెబుతాను: స్టీలు గ్లాసులు నాలుగు, పాత ఇడ్లీ రేకు ఒకటి, చెక్క గరిటె, ఖాళీ టిష్యూ డబ్బాలో కుక్కిన చీర ముక్కలు. ఈ చివరిది రాజా. ఒక్కొక్క ముక్కా లాగడం, లాగినది నోట్లో పెట్టడం, మళ్ళీ లాగడం. కూర ఉడికేదాకా సరిపోతుంది. ముక్కలు జేబురుమాలు కన్నా పెద్దవిగా ఉండవద్దు, ఒకదానికొకటి ముడి వేయవద్దు, మెడకి చుట్టుకుంటుంది. కొన్న బొమ్మల్లో నిలబడింది అత్తయ్య తెచ్చిన ఏటికొప్పాక లక్క గిలక్కాయ ఒక్కటే. అంకుడు కర్ర మీద లక్క పూసి, చెట్ల నుంచి తీసిన రంగులతో చేస్తారు. నున్నగా ఉండి చిగుళ్ళకి హాయిగా ఉంటుందేమో, పళ్ళొచ్చే రోజుల్లో దాన్ని వదల్లేదు. ఐదు వందలు పోసి కొన్న పాటలు పాడే ఏనుగు రెండో రోజుకే మూలపడింది.

అన్నీ ఒకేసారి వేస్తే అన్నీ ఒకేసారి విసుగొస్తాయి. మూడు బుట్టల్లో సర్ది రోజుకొక బుట్ట తీసేవాణ్ణి. మూడు రోజుల తర్వాత అదే ఇడ్లీ రేకు కొత్త రేకయిపోయేది.

ఇక్కడ నా బుద్ధితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. చిన్న ప్లాస్టిక్ సీసాలో రాజ్మా గింజలు పోసి మూత గట్టిగా బిగించి ఇచ్చాను, గలగలలాడుతుందని. వారం రోజులు బాగానే ఆడింది. ఒక పొద్దున బియ్యం కడుగుతూ వెనక్కి చూస్తే సీసా ఒకచోట, మూత ఒకచోట, దాని గుప్పిట్లో రెండు గింజలు. నోట్లోకి పోలేదు, అదృష్టం. గింజ నోట్లో నానితే ఉబ్బుతుంది, ఊపిరి గొట్టంలో పడితే అంతే సంగతులు. పల్లీలు, శనగలు, రాజ్మా, అన్నీ ఒకటే. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఉన్న కొలత ఇంచుమించు 3 సెంటీమీటర్ల వెడల్పు గొట్టం. అందులో పట్టేదేదైనా గొంతులో పట్టేదే. నేను వాడేది టాయిలెట్ పేపరు లోపలి అట్ట గొట్టం, అది అంతకన్నా కాస్త పెద్దది కాబట్టి జాగ్రత్త ఎక్కువే అవుతుంది. ఇంట్లో రిమోట్లు, పాటలు పాడే బొమ్మలు ఉంటే వెనక బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. మా ఇంట్లో స్క్రూ లేని రిమోటు ఒకటి ఉండేది, ఇప్పుడు అది బీరువా పైన ఉంది. మనదేశంలో 2021 జనవరి 1 నుంచి, చేతిపనివాళ్ళు చేసే కొన్నింటికి తప్ప, బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. తిరునాళ్ళలో కొన్న వాటి మీద ఆ గుర్తు కనబడదు, అలాంటివి కంచె లోపల వెయ్యలేదు.

నేల గురించి. మొదట రంగురంగుల అక్షరాల ఫోమ్ చాపలు వేశాను. పాప "ఆ" అక్షరం అంచుని కొరికి ముక్క ఊడదీసింది. ఆ సాయంత్రమే అవి పోయాయి. జంపఖానా పరిచి పైన పాత బొంత వేశాం. ఉతకడానికి కూడా హాయి.

ఎంతసేపు ఉంచొచ్చు? స్ట్రోలర్లోనో, పట్టీలున్న కుర్చీలోనో కట్టిన పసిపిల్లల్ని ఒకేసారి గంట మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ప్లేపెన్ కట్టెయ్యడం కాదుగానీ నేను ఆ లెక్కే పెట్టుకున్నాను. నిజానికి గంట దాకా వెళ్ళే యోగం ఎప్పుడూ పట్టలేదు. 25 నిమిషాలకి అలారం దానంతట అదే మోగేది. కాబట్టి పనిని 25 నిమిషాల ముక్కలుగా కోసుకున్నాను. పొద్దున పాలు తాగి కడుపు నిండగానే ఒక విడత, అప్పుడు స్టవ్వు పని. పడుకుని లేచాక ఇంకో విడత, అప్పుడు తడిగుడ్డ, బాత్రూమ్ కడగడం, ఫినాయిల్‌తో పని. ఆకలి మీదో, నిద్ర మీదో ఉన్న పిల్లని లోపల పెడితే బంగారు బొమ్మ వేసినా ఆగదు. బట్టలు మడవడం, గోంగూర వలవడం లాంటివి దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే చేశాను. గోంగూర కాడలన్నీ నా నెత్తిన వేసేది. అరగంట పని గంటంబావు అయ్యేది, సరే.

ప్లేపెన్ ముందు ఏం వాడాం అంటే, అయిదు నెలల దాకా చీర ఉయ్యాల. మా ఆవిడ పాత నేతచీర, సీలింగు కొక్కెం. అత్తయ్య ఊపుతూ ఉంటే అంత హాయి ఇంకేదీ లేదు. కానీ అది ఎదురుగా కూర్చున్నంతసేపే. పాప బోర్లాపడడం నేర్చుకున్న వారం ఉయ్యాల విప్పేశాం, ఎందుకంటే చీరలో బోర్లాపడితే ముక్కుకి గుడ్డ అడ్డం వస్తుంది, మనం పక్కగదిలో ఉంటే తెలియదు.

వాకరు మాత్రం మా పెద్దమ్మ ప్రేమగా కొనిచ్చారు, గుండ్రటిది, చక్రాలది. రెండు వారాలు వాడాను. టొరంటోలో ఉన్న మా చెల్లి వీడియో కాల్లో చూసి, "అన్నయ్యా, ఇక్కడ అది అమ్మితే నేరం, తెలుసా?" అంది. నిజమే, కెనడాలో 2004లోనే నిషేధించారు, పాతవి అమ్మడం కూడా కుదరదు. చెల్లి మాటకన్నా నన్ను భయపెట్టింది ఆ తర్వాతి రోజు. నేను ఫ్రిజ్ తలుపు వేసి తిరిగేలోపు పాప హాలు ఈ చివర నుంచి ఆ చివరకి దూసుకుపోయి బల్ల మీది గుడ్డ అంచు పట్టుకుంది. బల్ల మీద టీ కప్పు. నేను అందుకున్నాను కాబట్టి సరిపోయింది. కదలని పిల్లని చూసుకోవడం కష్టం కాదు, చక్రాలున్న పిల్లని చూసుకోవడం అయ్యే పని కాదు. ఇప్పుడు ఆ వాకరు అటక మీద ఉంది, పెద్దమ్మకి చెప్పలేదు.

ఫోను కూడా ఇచ్చాం, దాచేదేముంది. నాకు జ్వరం వచ్చిన మూడు రోజులు పాటల వీడియోలు పెట్టి కంచెకి ఆనించాను. గంటన్నర కదల్లేదు, అన్నం వండుకున్నాను, పడుకున్నాను. నాలుగో రోజు నుంచి వారంపాటు కంచెలో పెట్టగానే ఫోను ఉన్న మూల వైపు చెయ్యి చాపి ఏడుపు. రెండేళ్ళ లోపు తెర అసలు వద్దని పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది ఎందుకో ఆ వారంలో అర్థమైంది.

ఇక వస్తువు ఎలా నిలిచిందో. కింద రబ్బరు కప్పులుంటాయి, టైల్స్‌కి అతుక్కుని కదలకుండా. పాపకి తొమ్మిదో నెల వచ్చేదాకా నిలిచాయి. పాప ఊచలు పట్టుకుని లేచి నిలబడ్డం మొదలుపెట్టాక నెట్టడం నేర్చింది. ఒకరోజు నేను బట్టలు నానబెట్టి వచ్చేసరికి కంచె కంచెగా రెండడుగులు వంటింటి వైపు నడిచొచ్చింది! తర్వాత రెండు వైపులా గోడ, ఒక వైపు బల్ల కాలు వచ్చేలా పెట్టాను. పదమూడో నెలలో హారను ఉన్న పలక అసలు రంగు బయటపడింది. ఆ చక్రాలూ బొత్తాలూ అడుగు పెట్టడానికి మెట్లు. దాని మీద పాదం పెట్టి పొట్ట దాకా పైకి లేచింది. ఆ పలకని తిప్పి బిగించాను, బొమ్మల వైపు బయటికి. ఇప్పుడు కొనేవాళ్ళు బొమ్మలు అతికించిన పలక లేని రకం చూసుకోండి, రెండు వందలు తక్కువే అవుతుంది.

తలుపు గడియ పైకెత్తి పక్కకి జరపాలి, రెండు చేతులు కావాలి. తడి చేతులతో నరకం. నేను పైనుంచి దాటేస్తాను, లుంగీ మీద ఇబ్బంది లేదు. అత్తయ్యకి చీర, పైగా మోకాళ్ళ నొప్పులు. వంగి పది కిలోల పిల్లని రెండడుగుల గోడ పైనుంచి ఎత్తడం ఆవిడ వల్ల కాదు. ఒంటిగంట తర్వాత కంచె తలుపు బార్లా తెరిచే ఉంచేవాళ్ళం. ఇంట్లో పెద్దవాళ్ళే పిల్లని చూసుకునేట్టయితే ఇది కొనవద్దు, ఒక గది ఖాళీ చేసి గుమ్మానికి అడ్డు పెట్టుకోవడం మేలు.

కంచె ఉంది కదా అని బాల్కనీలో బట్టలు ఆరేయడానికి వెళ్ళానా, అదే పొరపాటు. కనబడను, వినబడదు. చివరికి బట్టల స్టాండు హాల్లోకి తెచ్చాను. బాత్రూమ్‌లో బకెట్లో నీళ్ళు ఉంచడం పూర్తిగా మానేశాం, మగ్గుతో సహా బోర్లించి, తలుపుకి పైన గడియ. రెండంగుళాల నీళ్ళు చాలు పసిపిల్ల ఊపిరాగడానికి, ఏ కంచైనా ఎప్పుడో ఒకప్పుడు తెరిచి మరిచిపోతాం.

పదిహేనో నెల వయసులో పాప కంచె లోపల ఉండనని తేల్చి చెప్పింది. అప్పుడు తట్టింది. పలకలు విప్పి వంటింటి గుమ్మానికి నాలుగు, పూజ మూలకి మూడు అడ్డంగా బిగించాను. ఇల్లంతా దానిది, స్టవ్వు నాది. అత్తయ్య ఇప్పుడు, "గంపలో మీరున్నారండీ అల్లుడుగారూ" అంటున్నారు. పాప అవతలి వైపు నిలబడి చపాతీ కర్రతో ఊచల మీద వాయిస్తూ నాకు పని చెబుతుంది.

14 నెలల్లో ఒక గడియ విరిగింది, రెండు రబ్బరు కప్పులు పోయాయి. పై అంతస్తులో వాళ్ళకి ఏడు నెలల బాబు. ఆరు పలకలు వచ్చే ఆదివారం వాళ్ళింటికి వెళుతున్నాయి. వంటింటి గుమ్మంలోవి నాలుగూ ఇవ్వనని చెప్పాను.