ఆసుపత్రికి ఒకే నంబరా, కంపెనీకో కోడా: ఏది మేలు?

విజయనగరంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నా టేబుల్ అద్దం కింద ఒక కాగితం ఉంటుంది. ఒక్కో బీమా కంపెనీ, ఒక్కో టీపీఏ (బీమా కంపెనీల తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) మా ఆసుపత్రికి ఇచ్చిన కోడ్‌లన్నీ దాని మీద రాసుకున్నాను. ఒకరిది ఐదంకెలు, ఇంకొకరిది అక్షరాలూ అంకెలూ కలిపి, మరొకరిది ఊరి పేరు ముక్కతో మొదలవుతుంది. ఉన్న ఆసుపత్రి ఒక్కటే, దానికి కోడ్‌లు పదహారు. వీటి బదులు అందరూ ఒకే నంబర్ వాడితే మేలా కాదా అన్నది మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న.

కంపెనీ కోడ్ ఊరికే పుట్టలేదు. ఆ కోడ్ వెనక ఒప్పందం ఉంటుంది: ఏ ఆపరేషన్‌కి ఎంత ప్యాకేజీ, ఏ బ్యాంకు ఖాతాకి డబ్బు పంపాలి, ఒప్పందం ఎప్పటిదాకా. వాళ్ల లెక్కలకి అది కావాలి, కాదనను. కానీ ఆ కోడ్ ఆ కంపెనీ గుమ్మం దాటితే ఎందుకూ పనికిరాదు. నెట్‌వర్క్‌లో లేని, అంటే ఆ కంపెనీతో ఒప్పందం లేని ఆసుపత్రికైతే అదీ ఉండదు. అప్పుడు మిగిలేది పేరు, చిరునామా. మన జిల్లాల్లో ఆసుపత్రుల పేర్లు తెలిసినవే కదా: సాయి, వెంకటేశ్వర, లక్ష్మి, శ్రీనివాస. రాజాంలో ఒకటి, టెక్కలిలో ఒకటి, పలాసలో ఇంకొకటి.

ఒకామె సంగతి చెబుతాను. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, అతని కంపెనీ పాలసీలో తల్లి పేరు కూడా ఉంది. గాల్‌బ్లాడర్ రాళ్లకి మా దగ్గర ఆపరేషన్ అయింది. డబ్బు కట్టేసి, అది తిరిగి ఇమ్మని బీమా కంపెనీకి రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకున్నారు. డిశ్చార్జ్ సమ్మరీ మీద ‘హాస్పిటల్’ అని, పాత బిల్లు పుస్తకం మీద ‘నర్సింగ్ హోమ్’ అని ఉంది. అదే పేరుతో శ్రీకాకుళంలో ఇంకో ఆసుపత్రి ఉంది. ‘చికిత్స ఎక్కడ జరిగిందో స్పష్టత ఇవ్వండి’ అని క్వెరీ వచ్చింది. జవాబు పంపితే మళ్లీ ఇంకోటి. రెండు నెలలు పట్టింది. ఆమె రెండుసార్లు బస్సెక్కి వచ్చి, సంచిలోంచి కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టి, ‘‘ఏటి బాబూ, నన్ను కోసింది ఇక్కడే కదా?’’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

ఆ క్లెయిమ్ ఫారంలో ఆసుపత్రి నింపాల్సిన పార్ట్ బి ఉంటుంది. అందులో హాస్పిటల్ ఐడీ అనే గడి ఉంది. ఆ రోజుల్లో దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్లం.

ఇప్పుడు ఆ గడిలో రోహిణి నంబర్ వేస్తున్నాం. రోహిణి అంటే బీమా రంగం కోసం పెట్టిన ఆసుపత్రుల రిజిస్ట్రీ. దాని కింద హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఇచ్చే 13 అంకెల నంబర్ ఇది. 890తో మొదలవుతుంది. బిస్కెట్ ప్యాకెట్ మీద బార్‌కోడ్ కింద చూడండి, అక్కడా అదే 890. రెండిటికీ పద్ధతి ఒకటే. చివరి అంకె ముందున్న పన్నెండింటి నుంచి లెక్కకట్టి వేసింది కాబట్టి, ఒక అంకె తప్పు కొడితే కంప్యూటర్ అక్కడికక్కడే పట్టేయగలదు. పేరులో ఒక అక్షరం తప్పితే పట్టేవాడు లేడు. పైగా ఈ నంబర్ చోటుకి ఇచ్చేది. ఒకే పేరుతో రెండు ఊళ్లలో రెండు బ్రాంచీలుంటే రెండు నంబర్లు. ఆ తల్లి కాగితాల మీద ఈ పదమూడు అంకెలు పడి ఉంటే అంత తిరుగుడు ఉండేది కాదని గట్టిగా నమ్ముతున్నాను.

దీనికీ ఒక బలహీనత ఉంది, అది మా తప్పు వల్లే నాకు తెలిసింది. పాత బిల్డింగ్ ఖాళీ చేసి కొత్తదానికి మారినప్పుడు రోహిణిలో చిరునామా మార్పించడం మర్చిపోయాం. ఒకే వారంలో నాలుగు కంపెనీల నుంచి క్వెరీలు. కంపెనీకో కోడ్ ఉన్నప్పుడు ఒకచోట తప్పు ఒకచోటే ఆగేది. ఒకే నంబర్ అయితే ఒక తప్పు అందరి దగ్గరికీ పోతుంది. అయితే దిద్దుకోవడం కూడా ఒక్కచోటే, పదహారు ఈమెయిళ్లు అక్కర్లేదు. నా మటుకు నాకు ఈ బేరం నచ్చింది.

మరి కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీ నంబర్? అది ఉచితం, పరిధి కూడా పెద్దది. పీహెచ్‌సీ, ల్యాబ్, మందుల షాపు, ఆయుర్వేద క్లినిక్ అన్నిటికీ ఇస్తారు. క్లెయిమ్‌లన్నీ ఒకే దారిలో పంపే నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్ కూడా దీని మీదే ఆధారపడుతోంది. రేపటికి ఇదే. కానీ ఇవాళ క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆసుపత్రికి చెల్లించే పద్ధతి) ఫారం మీద అడిగేది రోహిణి. ఆసుపత్రి నడిపేవాళ్లెవరైనా అడిగితే రెండూ తీసుకోమంటాను, రెండిట్లో పేరూ చిరునామా అక్షరం తేడా లేకుండా ఉండాలంటాను.

అసలు లోటు డాక్టర్ నంబర్ దగ్గర ఉంది. అమెరికాలో 1996 చట్టం, 2004 నిబంధనల ప్రకారం 2007 మే నుంచి బీమా లావాదేవీల్లో ఎన్‌పీఐ అనే 10 అంకెల నంబర్ తప్పనిసరి చేశారు. ఆసుపత్రికీ ఇస్తారు, డాక్టర్‌కీ ఇస్తారు. అందులో రాష్ట్రం పేరు, స్పెషాలిటీ లాంటివేవీ దాచి ఉండవు కనుక డాక్టర్ రాష్ట్రం మారినా నంబర్ మారదు. ఒడిశా సరిహద్దులో ఉన్న మన ఇచ్ఛాపురం వాళ్లకి దీని విలువ వెంటనే అర్థమవుతుంది. అక్కడి జనం వైద్యానికి ఒడిశాలోని బరంపురం వెళ్తారు. అటునుంచి డాక్టర్లు ఇటు వస్తారు. డాక్టర్‌కి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్ ఆ రాష్ట్రంలోనే ప్రత్యేకం. ఆంధ్రాలో ఒకరికి ఉన్న నంబరే ఒడిశాలో ఇంకొకరికి ఉండొచ్చు. అందుకే ఫారంలో ‘రాష్ట్ర కోడ్‌తో సహా’ అని అడుగుతారు. రాత్రి డ్యూటీలో ఎవరో అది రాయడం మరిచిపోతే క్వెరీ వస్తుంది, పేషెంట్ డబ్బు ఆగుతుంది. నేషనల్ మెడికల్ రిజిస్టర్‌లో ప్రతి డాక్టర్‌కీ దేశమంతటికీ ఒకే ఐడీ ఇచ్చే పని మొదలైంది. బీమా కంపెనీలు దాన్ని త్వరగా ఫారంలోకి తీసుకోవాలి.

క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జ్ అనుమతి 3 గంటల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ఫలానా ఆసుపత్రి ఏదో పోల్చుకోవడానికే అరగంట పోతే ఆ గంటలో మిగిలేదెంత? కంపెనీ తన లోపలి కోడ్ తన దగ్గరే ఉంచుకోవచ్చు. రోగి చేతిలోని కాగితం మీద మాత్రం ఒక్క నంబరే ఉండాలి.

మేము పోయిన ఏడాది గంటస్తంభం దగ్గర ఒక రబ్బరు స్టాంపు చేయించాం. ఆసుపత్రి పేరు, కింద పదమూడు అంకెలు. డిశ్చార్జ్ సమ్మరీ, ఫైనల్ బిల్లు, ల్యాబ్ రిపోర్టు, ఏ కాగితం బయటికెళ్లినా దాని మీద ఆ స్టాంపు పడాల్సిందే. మీవాళ్లు ఎక్కడ అడ్మిట్ అయినా, డిశ్చార్జ్ రోజున ఆ నంబర్ అడిగి రాయించుకోండి.